పక్కటెముక దెబ్బకు బిగింపు కట్టు వద్దు

ప్రశ్న: మా నాన్నకు 66 ఏళ్లు. షుగర్ ఉంది, రోజుకు నాలుగైదు సిగరెట్లు తాగుతారు. పోయిన ఆదివారం వానలో స్కూటర్ మీద వస్తుంటే నీళ్లు నిండిన గుంతలో చక్రం దిగబడి పడిపోయారు. హ్యాండిల్ ఎడమ డొక్కలో బలంగా గుచ్చుకుంది. దగ్గర్లోని ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి, ఎముక విరగలేదని చెప్పి మాత్రలిచ్చి పంపారు. ఐదు రోజులైంది. గట్టిగా ఊపిరి పీల్చినా, తుమ్మినా ప్రాణం పోతున్నట్టుందట. నిన్నటి నుంచి కాస్త దగ్గు కూడా మొదలైంది. అది రాగానే బిగబట్టి ఆపేసుకుంటున్నారు. మాత్రలు వేడి చేస్తాయని రోజుకు ఒక్కటే వేసుకుంటున్నారు. అమ్మ పాత నూలు చీర మడతపెట్టి ఛాతీ చుట్టూ బిగించి కట్టింది. అది ఉంటేనే హాయిగా ఉందంటున్నారు. బాబాయేమో పుత్తూరు కట్టు వేయిద్దామంటున్నాడు. ఎక్స్‌రేలో ఏమీ లేకపోతే ఇంత నొప్పి ఎందుకు? స్కాన్ తీయించాలా? తగ్గడానికి ఎన్నాళ్లు పడుతుంది?
- ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

సమాధానం: ముందు ఆ చీర విప్పేయండి. మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

విప్పాక ఆయన్ని కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టండి. ఐదు నిమిషాలు ఊరుకుని, ఆయనకు చెప్పకుండా, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారో గడియారం చూస్తూ లెక్కపెట్టండి. చెబితే మనిషి తెలియకుండానే ఊపిరి మార్చేస్తాడు, లెక్క తప్పుతుంది. 12 నుంచి 20 మధ్య ఉంటే మామూలే. 24 దాటితే ఆసుపత్రికి బయల్దేరాల్సిందే. కరోనా రోజుల్లో కొన్న పల్స్ ఆక్సీమీటర్ ఏ సొరుగులోనో ఉండే ఉంటుంది. కొత్త బ్యాటరీలు వేసి, చేయి వెచ్చగా ఉన్నప్పుడు వేలికి తగిలించి, అంకె నిలకడగా ఆగేదాకా నిమిషం పాటు చూడండి. 95 గానీ పైన గానీ ఉంటే సరే. అంతకంటే తగ్గితే ఆ రోజే డాక్టరు చూడాలి. 92 కంటే తగ్గితే ఆలోచించకుండా 108కి ఫోన్ చేయాలి. జ్వరం కూడా చూడండి.

ఈ అంకెలన్నీ బాగున్నా సరే, ఆయన్ని ఇవాళే ఇంకోసారి డాక్టరుకు చూపించండి. వయసు 65 దాటింది, షుగర్ ఉంది, పొగ అలవాటుంది, దెబ్బ తగిలింది ఎడమ డొక్కలో, ఐదో రోజున కొత్తగా దగ్గు వచ్చింది. వీటిలో ఏ రెండున్నా మేం వెనక్కి పిలిపించి చూస్తాం. ఆయనకు అన్నీ ఉన్నాయి.

ఇక ఎక్స్‌రే సంగతి. 'విరగలేదు' అనడం కంటే 'విరిగినట్టు కనిపించలేదు' అని ఉంటే సరిగ్గా ఉండేది. పక్కటెముకల పగుళ్లలో దాదాపు సగం మామూలు ఛాతీ ఎక్స్‌రేలో కనబడవు. ఎముక గుండ్రంగా వంగి ఉంటుంది, ఒకదాని మీద ఒకటి నీడ పడుతుంది, కింది ఎముకలు కడుపు నీడలో కలిసిపోతాయి. పక్కకు జరగని వెంట్రుకవాసి పగులైతే మరీ కష్టం. పక్కటెముక ముందువైపు కొస, రొమ్ము ఎముకకు కలిసే చోట, ఎముక కాదు, మృదులాస్థి, అంటే మెత్తగా వంగే కార్టిలేజ్. అది చిట్లినా ఎక్స్‌రేలో ఏమీ తెలియదు. నిజానికి దెబ్బ తగిలిన రోజున ఆ ఎక్స్‌రే తీసేది ఎముక కోసం కంటే ఊపిరితిత్తి కోసమే: చుట్టూ గాలి చేరిందా, రక్తం చేరిందా అని చూడటానికి. ఆ రోజు లేకపోయినా అవి తర్వాతి రోజుల్లో మెల్లగా చేరవచ్చు. నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో కూడా 200-300 మిల్లీలీటర్ల రక్తం చేరితే గానీ నీడ స్పష్టంగా కనబడదు. పడుకోబెట్టి తీస్తే అంతకన్నా ఎక్కువున్నా పలచగా పరుచుకుని దాక్కుంటుంది. అందుకే ఆదివారం తీసిన ఎక్స్‌రే శుక్రవారానికి హామీ కాదు.

మనకు పక్కటెముకలు 12 జతలు. పై ఏడు జతలు నేరుగా రొమ్ము ఎముకకు అంటుకుంటాయి. తర్వాతి మూడు జతలు తమ పైదాని మృదులాస్థిని పట్టుకుని ఉంటాయి. చివరి రెండు జతలకు ముందువైపు ఏ ఆసరా ఉండదు. ఎక్కువగా విరిగేవి మధ్యలోవి, 4 నుంచి 9 దాకా. మెడ కింద ఉండే మొదటి రెండూ విరగాలంటే చాలా బలమైన దెబ్బ తగలాలి, అక్కడ పెద్ద రక్తనాళాలుంటాయి, అది వేరే స్థాయి ప్రమాదం. కింద ఎడమవైపు ఎముకల వెనక ప్లీహం (స్ప్లీన్), కుడివైపు కాలేయం, వీపు వైపు కిడ్నీలు ఉంటాయి. స్కూటర్ హ్యాండిల్ లాంటి మొండి కొన ఎడమ డొక్కలో గుచ్చుకుందంటే మా ఆలోచన ఎముక దగ్గర ఆగదు, ప్లీహం దాకా వెళ్తుంది. ప్లీహం మీద చిన్న చీలిక ఉంటే మొదట పైపొర కిందే రక్తం గడ్డకట్టి ఆగిపోయి, కొన్ని రోజుల తర్వాత ఒక్కసారిగా పగలొచ్చు. దానికొక విచిత్రమైన గుర్తుంది: దెబ్బ డొక్కలోనైతే నొప్పి ఎడమ భుజం కొన మీద తెలుస్తుంది. లోపల కారిన రక్తం ఊపిరితిత్తుల కింది పొరను, అంటే ఉదరవితానాన్ని రాపిడి చేస్తే, దాని నరం మెడ దగ్గర నుంచి వచ్చింది కాబట్టి మెదడు ఆ నొప్పిని భుజానిదనుకుంటుంది. భుజం పట్టేసిందనుకుని అక్కడ బామ్ రాసుకుని పడుకోవడం జరిగే పొరపాటు.

అసలు విరిగిందా, కమిలిందా, మృదులాస్థి చిట్లిందా అన్నది ఎలా తెలుస్తుంది? వేలితో ఒకే చోట చూపించగలిగితే, అక్కడ ముట్టుకుంటే ఉలిక్కిపడితే, రొమ్ము ఎముకను ముందు నుంచి మెల్లగా నొక్కినప్పుడు దూరంగా డొక్కలో ఆ చోటే కలుక్కుమంటే పగులు ఉండే అవకాశం ఎక్కువ. ఈ పరీక్ష డాక్టరు ఒకసారి చేస్తే చాలు. ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ 'ఎక్కడ, ఇక్కడా?' అని నొక్కి చూడక్కర్లేదు. రొమ్ము ఎముక పక్కనే నొప్పి ఉండి, పక్కకు తిరిగినప్పుడు 'టక్'మంటే మృదులాస్థి. ఎముకల మధ్య పరుచుకున్న నొప్పి, మెలితిరిగితే ఎక్కువైతే కండరం. ఏ దెబ్బా లేకుండా ఒకవైపు పట్టీలా మంటగా ఉండి రెండు మూడు రోజుల్లో పొక్కులు వస్తే అది సర్పి, షుగర్ ఉన్నవాళ్లలో చూస్తుంటాం. నొక్కితే తేడా లేకుండా, చెమటలు పట్టి, చేతికో దవడకో పాకే ఛాతీ నొప్పిని మాత్రం దెబ్బ ఖాతాలో వేయకండి, గ్యాస్ ఖాతాలోనూ వేయకండి. అది గుండె సంగతి కావచ్చు.

అయితే కమిలినా, పగిలినా, చిట్లినా ఇంట్లో చేయాల్సింది ఒక్కటే: నొప్పిని అదుపులో పెట్టి, ఆయన లోతుగా ఊపిరి తీసేట్టు, దగ్గేట్టు చూడటం. ఎముక దానంతటదే అతుక్కుంటుంది, దానికి మన సాయం పెద్దగా అక్కర్లేదు. సాయం కావలసింది ఊపిరితిత్తికి.

కట్టుతో చిక్కు ఇక్కడే. చెయ్యి విరిగితే పై కీలు, కింది కీలు కదలకుండా ఆపగలం. పక్కటెముకను ఆపలేం. నిమిషానికి 15 సార్లు చొప్పున మనిషి రోజుకు 20 వేలసార్లకు పైగా ఊపిరి తీస్తాడు, అన్నిసార్లూ ఆ ఎముక కదలాల్సిందే. అది కదులుతూనే అతుక్కుంటుంది. వెదురు బుట్టలో ఒక బద్ద విరిగినా చుట్టూ ఉన్న అల్లిక దాన్ని చోటు తప్పకుండా పట్టుకున్నట్టు, పైనా కిందా ఉన్న ఎముకలూ, వాటి మధ్య కండరాలూ విరిగిన ఎముకను పట్టుకుని ఉంటాయి. చీరో, బెల్టో బిగిస్తే కదలిక తగ్గి హాయిగా అనిపించే మాట నిజం. ఆ హాయికి వెల ఉంది. ఊపిరి పైపైనే ఆడుతుంది, ఊపిరితిత్తుల అడుగు భాగంలోని గాలి గదులు ముడుచుకుపోతాయి, కళ్లె అక్కడే నిలిచిపోతుంది, నిలిచిన కళ్లెలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. దెబ్బ తగిలిన మూడో రోజు నుంచి వారం లోపు దగ్గు, జ్వరం, న్యుమోనియా ఇలాగే మొదలవుతాయి. మీ నాన్నగారి ఐదో రోజు దగ్గు మమ్మల్ని కంగారు పెట్టింది ఇందుకే. ఆ దగ్గును ఆయన ఆపుకోవడం మరీ కంగారు పెట్టింది. పొగ తాగేవారిలో కళ్లె మామూలుకంటే ఎక్కువ, దాన్ని పైకి తోసే శక్తి తక్కువ.

పుత్తూరు కట్టు విషయంలో మీ బాబాయితో వాదన పెట్టుకోనక్కర్లేదు. హైదరాబాద్‌లో ఆ బోర్డులు చాలాచోట్ల కనబడతాయి, చేతికో కాలికో వేయించుకుని బాగైందని చెప్పేవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. ఆ చర్చ వేరు. ఛాతీ చుట్టూ ఏ పేరుతో కట్టినా, ఎవరు కట్టినా పై కథే జరుగుతుందని చెప్పండి చాలు. మెడికల్ షాపులో దొరికే రిబ్ బెల్టుకూ ఇదే జవాబు. మర్దన కూడా వద్దు, నూనె ఏదైనా సరే. పగిలిన కొస లోపలికి జరగొచ్చు. మొదటి రెండు మూడు రోజులు ఐసు ముక్కలు తువ్వాలులో చుట్టి 15 నిమిషాల చొప్పున పెడితే ఉపశమనం ఉంటుంది. ఇప్పుడు ఐదో రోజు కాబట్టి గోరువెచ్చని కాపడం పెట్టొచ్చు. అయితే షుగర్ వల్ల స్పర్శ తగ్గి ఉంటే చర్మం కాలినా తెలియదు. మీ చేతి మీద పెట్టి చూసుకున్నాకే ఆయనకు పెట్టండి.

మాత్రల దగ్గర ఆయన చేస్తున్న పొరపాటు చాలామంది చేసేదే. నొప్పి భరించలేనప్పుడు ఒకటి వేసుకోవడం, కాస్త తగ్గగానే మానేయడం. ఈ దెబ్బకు మాత్ర గడియారం చూసి వేసుకోవాలి, నొప్పిని చూసి కాదు. కాలేయ జబ్బు గానీ రోజూ మద్యం అలవాటు గానీ లేకపోతే పారాసిటమాల్ 650 మిల్లీగ్రాములు ఆరు గంటలకోసారి, ఉదాహరణకు పొద్దున 6కి, మధ్యాహ్నం 12కి, సాయంత్రం 6కి, రాత్రి 12కి వేయండి. నిద్ర చెడుతుందని ఆ మోతాదు వదిలేస్తే తెల్లవారి లేచేటప్పుడు నరకం కనబడుతుంది. బరువు 50 కిలోల కంటే తక్కువుంటే మోతాదు డాక్టరునే అడగండి. డోలో, క్రోసిన్, కాల్పాల్ పేర్లు వేరైనా లోపల మందు ఒకటే. మీకిచ్చిన చీటీలో అసిక్లోఫెనాక్ కలిపిన మాత్ర ఉంటే అందులోనూ సాధారణంగా 325 మిల్లీగ్రాముల పారాసిటమాల్ ఉంటుంది. రెండూ కలిపి రోజుకు ఎంత అవుతోందో కూడండి. ఏ పరిస్థితిలోనూ 4 గ్రాములు దాటకూడదు, ఈ వయసులో 3 గ్రాముల లోపు ఉంచడం మేలు.

'వేడి చేస్తుంది' అన్నమాటను కొట్టిపారేయకండి, దాని వెనక నిజం కొంత ఉంది. అసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి కడుపులో మంట పుట్టిస్తాయి, పుండ్లు పడేట్టు చేస్తాయి, కిడ్నీల మీద భారం వేస్తాయి. షుగర్ ఉన్న మనిషికి, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చూడకుండా వాటిని రోజుల తరబడి ఇవ్వకూడదు. గుండె కోసం ఆస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి వాడుతున్నా, రక్తం పలచబడే మందు వాడుతున్నా డాక్టరుకు తప్పక చెప్పండి. పారాసిటమాల్‌కు మాత్రం ఆ మంట గుణం లేదు. అది మానేయడానికి వేడి సాకు పనికిరాదు. అప్పటికీ నొప్పి వల్ల లోతుగా ఊపిరి తీయలేకపోతే ట్రమడాల్ లాంటిది డాక్టరు రాయొచ్చు. దాంతో మత్తు, వాంతి, మలబద్ధకం ఉంటాయి. రాత్రి బాత్‌రూమ్‌కు ఒంటరిగా పంపకండి. ముక్కితే డొక్క పీకుతుంది కాబట్టి ఇసబ్‌గోల్, నీళ్లు ముందే మొదలుపెట్టండి. దగ్గును అణిచే సిరప్ మాత్రం అడిగి తెచ్చుకోకండి. ఆ దగ్గు మనకు కావాలి.

ఇప్పుడు అసలు పని. మాత్ర వేసుకున్న ముప్పావు గంటకు మొదలుపెట్టించండి. కుర్చీలో వీపు ఆనించి, భుజాలు వదులుగా వదిలి కూర్చోవాలి. ముక్కుతో నెమ్మదిగా, కింది డొక్కలు పక్కలకు విచ్చుకునేట్టు ఊపిరి పీల్చి, మూడు అంకెలు లెక్కపెట్టేదాకా నిలిపి, సాసర్‌లో వేడి చాయ్‌ని ఊదినట్టు పెదాలు ముడిచి మెల్లగా వదలాలి. ఇలా ఐదుసార్లు, కాస్త ఆగి మళ్లీ ఐదుసార్లు. మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి. గబగబా చేస్తే తల తిరుగుతుంది, తొందర వద్దు. తర్వాత ఒక దిండును నొప్పి ఉన్న చోట పెట్టి రెండు చేతులతో హత్తుకుని, గట్టిగా అదిమి పట్టుకుని రెండు మూడుసార్లు దగ్గాలి. దగ్గే ఆ ఒక్క క్షణం అదిమి పట్టడం వేరు, రోజంతా కట్టి ఉంచడం వేరు. అమ్మగారికి ఈ తేడా చెబితే చీర స్థానంలో దిండుతో సరిపెట్టుకుంటారు. తుమ్ము వచ్చేట్టున్నా దిండు అందుకోవాలి.

మూడు బంతులుండే స్పైరోమీటర్ మెడికల్ షాపుల్లో దొరుకుతుంది. దాన్ని చాలా ఇళ్లలో తలకిందులుగా వాడతారు, బుడగ ఊదినట్టు ఊదుతారు. ఊదకూడదు, పీల్చాలి. మొదటి బంతి సెకనుకు 600, రెండోది 900, మూడోది 1200 మిల్లీలీటర్ల వేగానికి లేస్తుందని దాని మీద రాసి ఉంటుంది. మూడూ ఒక్కసారి ఎగిరి పడటం గొప్ప కాదు. ఒక్క బంతినే రెండు మూడు సెకన్లు పైన నిలబెడితే ఊపిరితిత్తి అడుగు దాకా గాలి వెళ్లినట్టు. ఇవాళ ఎంతసేపు నిలిచింది, రేపు ఎంత అని రాసుకోండి. తగ్గుతూ పోతే అదే మొదటి హెచ్చరిక.

పడక నేల మీద వేయకండి, మంచం కావాలి. మూడు నాలుగు దిండ్లు ఆనించి సగం కూర్చున్నట్టు పడుకుంటే ఊపిరి తేలికవుతుంది. లేచేటప్పుడు నేరుగా లేవబోతే కడుపు కండరాలు పక్కటెముకలను లాగుతాయి. మంచి వైపుకు ఒత్తిగిలి, కాళ్లు కిందకు దించి, ఆ వైపు చేత్తో మంచాన్ని తోస్తూ లేవాలి. పగలంతా పడుకునే ఉండనివ్వకండి. ఇంట్లోనే ఐదు పది నిమిషాల చొప్పున రోజుకు నాలుగైదుసార్లు నడిపించండి. సిగరెట్, ఎముక అతుక్కునే ఈ ఆరు వారాలైనా మానాలి. ఇంతకంటే మంచి సాకు ఆయనకు మళ్లీ దొరకదు.

స్కాన్ కావాలా అన్నారు. ముప్పై ఏళ్ల కుర్రాడై, ఊపిరి బాగా ఆడుతుంటే అక్కర్లేదంటాం, ఎందుకంటే సీటీ స్కాన్‌లో పగులు కనబడినా చికిత్స మారదు. మీ నాన్నగారి వయసులో మాత్రం సీటీ వైపు త్వరగానే మొగ్గుతాం. ఎన్ని ఎముకలు విరిగాయన్నది ఇక్కడ ముఖ్యం: 65 దాటినవారిలో విరిగిన ఒక్కో ఎముకకూ న్యుమోనియా ముప్పు పెరుగుతుంది, మూడు గానీ అంతకంటే ఎక్కువ గానీ విరిగితే ఆసుపత్రిలో ఉంచడమే మంచిది. ఇవాళ డాక్టరు నిలబెట్టి కొత్త ఎక్స్‌రే, కడుపు అల్ట్రాసౌండ్, హిమోగ్లోబిన్, క్రియాటినిన్, మూత్రంలో రక్తం చూసి, దాన్నిబట్టి సీటీ చెబుతారు. ఆసుపత్రిలో మాత్రలతో నొప్పి లొంగకపోతే మత్తు డాక్టర్లు పక్కటెముకల నరాల దగ్గర మందు ఇచ్చి ఆ భాగాన్నే మొద్దుబారుస్తారు. కాసేపటి ముందు మూలుగుతున్న మనిషి ఆ తర్వాత హాయిగా దగ్గుతాడు. టైటానియం పలకలు వేసి ఆపరేషన్ చేసేది చాలా కొద్దిమందికే, ఛాతీ గోడ నిలబడనంతగా విరిగినప్పుడు.

ఈ కిందివాటిలో ఏది కనబడినా డాక్టరు అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి: ఆయాసం పెరగడం, పెదాలు నీలంగా మారడం, కళ్లెలో రక్తం, ఎడమ భుజం నొప్పి, కడుపు గట్టిపడటం, లేచి నిలబడితే కళ్లు బైర్లు కమ్మడం, ఎర్రని మూత్రం, ఛాతీ మీద నొక్కితే చర్మం కింద అటుకులు నలిగినట్టు కరకరమనడం, ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో ఒక భాగం పైకి లేవకుండా లోపలికి కుంగడం. చివరిది వరుసగా మూడు ఎముకలు, ఒక్కొక్కటీ రెండేసి చోట్ల విరిగితే జరుగుతుంది. జ్వరం, పచ్చని కళ్లె ఉంటే కూడా అదే రోజు చూపించాలి. మీకు గాంధీ ఆసుపత్రి దగ్గరే, అక్కడ ఎమర్జెన్సీ రాత్రీపగలూ నడుస్తుంది. ఛాతీ దెబ్బ కదా అని కొందరు ఎర్రగడ్డ చెస్ట్ హాస్పిటల్‌కు పరిగెడతారు. అది ప్రధానంగా ఊపిరితిత్తుల జబ్బులకు. దెబ్బకైతే స్కాన్, రక్తం, సర్జన్ ఒకేచోట ఉన్న దగ్గరికి వెళ్లాలి. పోలీసు కేసు అవుతుందని 'మెట్ల మీద జారారు' అని చెప్పకండి. హ్యాండిల్ గుచ్చుకుందన్న ఒక్క మాటే డాక్టరును కడుపు స్కాన్ వైపు నడిపిస్తుంది.

తిండి గురించి మీరు అడగలేదు గానీ, ఈపాటికి ఎవరో పాయా పంపే ఉంటారు. తాగనివ్వండి, తప్పు లేదు. అయితే ఎముకను అతికించేది ఆ జిగురు కాదు. పప్పు, గుడ్లు, పెరుగు, చేపలు రోజూ తగినంత ఉండాలి. నొప్పి, దెబ్బ రెండూ షుగర్‌ను పెంచుతాయి, కాబట్టి ఈ రెండు వారాలు రోజూ చూసుకోండి. సీటీలో పగుళ్లు ఉన్నాయని తేలితే, తగ్గాక ఎముక సాంద్రత పరీక్ష, విటమిన్ డి కూడా చూపించండి. ఎముకలు గుల్లబారడం ఆడవాళ్ల జబ్బేనన్న భ్రమ మగవాళ్లకు నష్టం చేస్తోంది.

ఎన్నాళ్లంటే: మొదటి వారం గడ్డు కాలం. మూడో వారానికి రాత్రులు తేలికపడతాయి. ఎముక అతుక్కోవడానికి దాదాపు ఆరు వారాలు, మృదులాస్థి అయితే ఇంకా ఎక్కువ. పక్కకు తిరిగినప్పుడు మూడు నెలల దాకా అప్పుడప్పుడు కలుక్కుమనవచ్చు. నొప్పి తగ్గుతూ తగ్గుతూ మళ్లీ పెరిగితే మాత్రం చూపించాలి. అప్పటిదాకా 20 లీటర్ల నీళ్ల క్యాన్ ఆయన ఎత్తకూడదు, సిలిండర్ జరపకూడదు. స్కూటర్ ఆరు వారాలు ముట్టకూడదు, మొదటి నెల వెనక కూడా ఎక్కకూడదు. మల్కాజిగిరి నుంచి ఆసుపత్రికి ఆటోలో వెళ్లేటప్పుడు దిండు వెంట పెట్టుకోండి, దారిలో స్పీడ్ బ్రేకర్లు చాలానే తగులుతాయి.